మూడో గడి

మండలాఫీసు వరండాలో పదకొండు మంది నీరడ్లు చెప్పులు విడిచి కూర్చున్నారు. విడవమని వాళ్ళకెవరూ చెప్పలేదు. చెరువు కట్టల మీద తిరిగే కాళ్ళు, పైగా ఆగస్టు నెల, వరండా బండల మీద బురద అంటితే అటెండరు కసురుతాడని వాళ్ళకు వాళ్ళే విడిచారు. ఊరి చెరువుకు కాపలా ఉండేవాడు నీరడి. తూము తియ్యడం, ముయ్యడం, పొలాలకు నీళ్ళు పంచడం, వానాకాలమంతా కట్టను కనిపెట్టుకుని ఉండడం అతని పని. సర్కారు లెక్కలో అతను ఉద్యోగీ కాడు, కాకుండానూ పోడు. రమ్మంటే మాత్రం రావాలి.

ఊటగూడెం నీరడి జంగయ్య, మొగిలిగూడ నీరడి గౌరయ్య పక్కపక్కనే కూర్చున్నారు. గౌరయ్య జంగయ్య భార్య యాదవ్వకు సొంత అన్న. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. సంతలో ఎద్దును అమ్మబోయి, బేరం కుదిరాక, దాని ఎడమ కాలు చలికాలంలో పట్టేస్తుందని తానే చెప్పి మళ్ళీ ఇంటికి తోలుకొచ్చిన మనిషి గౌరయ్య. ఆ ముచ్చట ఎత్తి జంగయ్య ఇప్పటికీ బావను ఆటపట్టిస్తుంటాడు. గౌరయ్యకు అందులో నవ్వే సంగతేముందో ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు.

ఎమ్మార్వో చక్రపాణి కుర్చీ వరండాలోకే వేయించుకున్నాడు. ఆ పూట ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. ఈ రెండువేల సంవత్సరం నుంచి పద్ధతి మారిందని చెప్పాడు. ఇదివరకు చెరువు నిండితే నీరడి డప్పు కొట్టేవాడు, ఇంటికొక మనిషి పారా తట్టా పట్టుకుని కట్టకు వచ్చేవాడు, ఊరి కట్టను ఊరే కాచుకునేది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఆఫీసులో కంట్రోల్ రూం పెట్టారు. అందులో ఫోను ఉంది, రిజిస్టరు ఉంది, రాసుకోవడానికి సరళ అనే గుమాస్తా అమ్మాయి ఉంది. నీరడి చెయ్యాల్సిందల్లా మూడు గంటలకోసారి ఫోన్ చేసి చెరువు ఎలా ఉందో చెప్పడమే. డప్పులు కొట్టి జనాన్ని హడలగొట్టకూడదు.

"ఇక నుంచి జనం ప్రాణాలకు బాధ్యత ప్రభుత్వానిది. మీ పని చూసి చెప్పడం వరకే," అన్నాడు.

సరళ రిజిస్టరు తెరిచి చూపించింది. ఒక్కో చెరువుకు మూడు గడులు. మొదటి గడి మామూలు, రెండో గడి ప్రమాదం, మూడో గడి గండి. నీరడి ఏది చెబితే ఆ గడిలో టిక్కు పెట్టి, పక్కన టైము వేస్తుంది.

గౌరయ్య లేచి నిలబడ్డాడు. "రెండో గడి వడితె ఎవరొస్తరు సారూ?"

"రెండో గడి పడితే పైకి రిపోర్టు వెళ్తుంది. మూడో గడి పడితే లారీ వెళ్తుంది."

"కట్ట తెగినంక లారీ వొచ్చి ఏం జేస్తది సారూ?"

కొందరు నవ్వారు. చక్రపాణి కూడా నవ్వి, జనాన్ని కాపాడుతుందయ్యా అని, అటెండరును చాయ్ తెమ్మన్నాడు. గౌరయ్య కూర్చున్నాడు కానీ ముఖం చూస్తే జవాబు అందినట్టు లేదు.

చాయ్ తాగాక అందరూ వేపచెట్టు కింద ఆగి ఉన్న లారీ దగ్గరికి వెళ్ళారు. నీలం రంగు లారీ. నిండా ఇసుక మూటలు, వాసాలు, తాళ్ళు, తాడిపత్రి గుడ్డలు. ఎనిమిది మంది కూలీలను కూడా కుదిర్చి పెట్టారట. జంగయ్య లారీ పక్క చెక్కను రెండుసార్లు తట్టి చూశాడు. తన తండ్రి కట్ట కాచిన నాడు గంప మట్టి కోసం ఇల్లిల్లూ తిరిగి దండాలు పెట్టేవాడు. ఇప్పుడు సర్కారు లారీ నింపి పెట్టుకుని ఫోను కోసం కూర్చుంది. అతనికి నిజంగానే గర్వమనిపించింది.

ఆ గర్వంలోనే ఒక పొరపాటు చేశాడు. సాయంత్రం ఊటగూడెం చేరగానే, హోటల్ ముందు కూర్చున్న వాళ్ళతో ఇక ఈ ఏడు ఎవరూ కట్టకు రానక్కర్లేదనీ, సర్కారు లారీ వస్తుందనీ రెండు మూడు సార్లు చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు.

*

మంగళవారం మధ్యాహ్నం మొదలైన వాన బుధవారం కూడా ఆగలేదు. జంగయ్య గోనెసంచిని కొప్పెరలా నెత్తిన వేసుకుని కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతున్నాడు. చేతిలో కర్ర. నాలుగడుగులకోసారి కర్రను కట్టలో గుచ్చి, దిగే తీరు చూస్తాడు. గట్టిగా తగిలితే ముందుకు పోతాడు, మెత్తగా దిగితే ఆగుతాడు. ఎలుక బొక్క కనబడితే గడ్డి కుక్కి, మీద బంకమట్టి పెట్టి మడమతో తొక్కుతాడు. తూము దగ్గర నీళ్ళలోకి దిగే రాతిమెట్లు తొమ్మిది. పైనుంచి ఎన్ని కనబడితే చెరువు అంత ఖాళీ. బుధవారం పొద్దున నాలుగు మెట్లు కనబడ్డాయి, సాయంత్రానికి ఒకటే మిగిలింది. నిండిన నీళ్ళు పొర్లిపోవడానికి కట్టే రాతి అడ్డుగోడను మత్తడి అంటారు. చీకటి పడేలోపు మత్తడి మీద నీళ్ళు జానెడు మందాన దూకుతున్నాయి.

మూడు గంటలకోసారి పంచాయతీ ఆఫీసుకు నడిచి ఫోన్ చేశాడు. సరళ ప్రతిసారీ ఓపిగ్గా రాసుకుంది. బుధవారం సాయంత్రం రెండో గడిలో టిక్కు పడింది.

గురువారం తెల్లవారి, కట్ట వెనక వైపు అడుగున, తూముకు నలభై అడుగుల దూరంలో నేల చెమ్మగిల్లింది. చూస్తుండగానే బొటనవేలంత ఊట లేచింది. జంగయ్య చొక్కా జేబులోంచి గాజు గ్లాసు తీసి పట్టి, పైకెత్తి చూశాడు. తేటగా ఉంది. ప్రతి చెరువు కట్టా ఎక్కడో ఒకచోట ఊరుతుంది. తేట నీళ్ళు వస్తే నీళ్ళే వస్తున్నట్టు, మట్టి నీళ్ళు వస్తే లోపల కట్ట కరిగి వస్తున్నట్టు. అతనికి తెలిసిన చదువు అదొక్కటే.

కట్ట కింద నలభై గుడిసెలు, అందులో అతనిదొకటి. వాటికి దిగువన ఆరేళ్ళుగా లేచిన కాలనీ. ఆంధ్ర నుంచి వచ్చి నగరంలో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళ ఇళ్ళు, అరవై దాకా ఉంటాయి. మత్తడి వాగు పోయే దారిలో సగం ఆ ఇళ్ళ గోడలే ఉన్నాయి.

జంగయ్య ఊళ్ళోకి పరుగెత్తాడు. వార్డు మెంబరు యాదగిరి అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. ఊట పుట్టింది, ఇంటికొక మనిషిని లేపుమని అడిగితే అతను ఆశ్చర్యపోయినట్టే చూశాడు. సర్కారు లారీ ఉందని చెప్పింది నువ్వే కదా అన్నాడు. అది సర్కారు జిమ్మా అయ్యాక మనం చెయ్యి పెడితే రేపు కట్టకేమన్నా అయితే మన మీదికే వస్తుందన్నాడు. చెడ్డ మనిషేమీ కాదు యాదగిరి, నాలుగేళ్ళ కింద ఇదే కట్ట మీద రెండు రోజులు మట్టి మోశాడు. ఇప్పుడు మాత్రం అరుగు దిగలేదు. ఇంకో పది ఇళ్ళు తిరిగినా అదే మాట. చివరికి కట్టకు వచ్చింది యాదవ్వతో కలిపి ఆరుగురు. తరతరాలుగా నడిచిన పద్ధతి నాలుగు రోజుల్లో పోయింది. పోగొట్టింది తన నోరేనని జంగయ్యకు మంటగా ఉంది.

ఆరుగురూ గంపలతో మట్టి తెచ్చి పోస్తుంటే, గొడుగు పట్టుకుని ఒకావిడ దిగువ నుంచి నడిచి వచ్చింది. కాలనీ మొదటి వరసలో ఇల్లు, పేరు అమ్మాజీ. ఆమె భర్త యజ్ఞనారాయణ బ్యాంకులో పనిచేస్తాడు, పొద్దున్నే వెళ్ళి కొంపల్లి దగ్గర రోడ్డు మీద నీళ్ళకు చిక్కుకుపోయాడట. ఆమె ఊట దగ్గర వంగి చూసి, గోదావరి లంకల్లో పుట్టాను, గట్టు సంగతి నాకు తెలుసని చెప్పి, ఒక్కటే అడిగింది.

"తేటగానే వస్తోందా, రంగు మారిందా?"

మూడు రోజులుగా అన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ అడగని మాట అది. ఇప్పటికైతే తేటనే అమ్మా అన్నాడు జంగయ్య.

*

రంగు మారినప్పుడు పగలు రెండు కావస్తోంది. గ్లాసులో అడుగున ఎర్రమట్టి పేరుకుంది. బొటనవేలంత ఊట మణికట్టంత బుంగ అయింది. పోసిన మట్టిని పోసినట్టే తోసుకుని బయటికి వస్తోంది. యాదవ్వ గంప కింద పడేసి మొగుడి ముఖం చూసింది. గుడిసెల్లోని ముసలివాళ్ళను గుట్ట మీదికి పంపమని అతను ఆమెను పంపించి, తను పంచాయతీ ఆఫీసుకు ఉరికాడు. ఫోను మూగగా ఉంది. లైను ఎక్కడో తెగింది. వెనక్కి తిరిగి కాలనీలోకి వచ్చి అమ్మాజీ తలుపు కొట్టాడు.

ఆమె హాల్లోకి రమ్మంది. తెల్ల గచ్చు మీద అతని కాళ్ళ కింద బురద మడుగు కట్టింది. అతను దాన్ని చూసి ఆగిపోతే, కాళ్ళ సంగతి తర్వాత చూద్దాం ముందు ఫోన్ చెయ్యమని ఆమే నంబరు తిప్పి రిసీవరు చేతికిచ్చింది.

"బుంగ వడ్డది బిడ్డా," అన్నాడు జంగయ్య. "మట్టి కొట్టుకొస్తాంది. లారీ పంపుండ్రి. పొద్దుగూకెదాక ఆగదు."

సరళ రెండో గడే కదా, రాసుకున్నానంది. ఉదయం నుంచి సారుకు చెబుతూనే ఉన్నాననీ, ఉన్నది ఒకటే లారీ, ప్రమాదానికే పంపేస్తే ఇంకెక్కడన్నా గండి పడితే ఏం చెయ్యాలంటున్నారనీ చెప్పింది. మొగిలిగూడ గౌరయ్య కూడా పొద్దున్నుంచి మూడుసార్లు చేశాడట. అక్కడా బుంగే, అక్కడా మట్టి నీళ్ళే.  ఆ తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

"తెగితె జెప్పు జంగయ్యా. ఎంటనె పంపుతరు."

జంగయ్య రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొగిలిగూడ కట్ట అతనికి తెలుసు. యాదవ్వను చేసుకున్న కొత్తలో గౌరయ్యతో కలిసి దాని మీద ఎన్నోసార్లు నడిచాడు. ఇప్పుడు గౌరయ్య అక్కడ వానలో నిలబడి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కలపకుండా తీయకుండా చెబుతూ ఉంటాడు. రేపటిదాకా అడిగినా అదే చెబుతాడు. జంగయ్యకు ఇదంతా ఆ క్షణంలోనే తెలుసు. తెలియకుండా చేశానని తర్వాత ఎన్నడూ అనుకోలేకపోయాడు.

"తెగింది," అన్నాడు.

 అవతల సరళ, రాస్తున్నానంది. ఇంతలో ఫోను చక్రపాణి లాక్కున్నట్టున్నాడు. ఎవరింటి నుంచి మాట్లాడుతున్నావు, ఆ ఇంటివాళ్ళకివ్వమన్నాడు. జంగయ్య రిసీవరు అమ్మాజీ వైపు చాపాడు. 

ఆమె కిటికీలోంచి కట్ట వైపు చూసింది. కట్ట ఉంది. గోడ మీద దేవుడి పటం వైపు కూడా ఒకసారి చూసి, ఫోను అందుకుంది.

"అవునండీ. మా వీధిలోకి నీళ్ళొచ్చేస్తున్నాయి. తొందరగా పంపండి," అంది.

*

లారీ ముప్పావుగంటలో వచ్చింది. వెనకే జీపులో చక్రపాణి. కట్ట నిలబడి ఉండడం చూసి ఆయన ముఖం నల్లబడింది. జంగయ్యను ఏమీ అనకముందే, గొడుగు కింద నిలబడ్డ అమ్మాజీ ముందుకు వచ్చి, తిట్టడం తర్వాత, ముందు ఇటు చూడండని చెయ్యి చూపించింది. బుంగలోంచి ఎర్రనీళ్ళు మోకాలెత్తు లేస్తున్నాయి. పైన కట్ట అంచు చేటంత మేర కుంగి ఉంది. చక్రపాణి రెండడుగులు వెనక్కి వేసి, మూటలు దించమన్నాడు.

ఎనిమిది మంది కూలీలు, ఐదుగురు ఊరివాళ్ళు ఒకరి చేతి నుంచి ఒకరికి మూటలు అందించారు. బుంగ నోరు మూసెయ్యవద్దని జంగయ్య అరిచాడు. మూస్తే నీళ్ళు ఇంకోచోట పొడుచుకొస్తాయి. దాని చుట్టూ బావి గట్టులా మూటలు పేర్చాలి. లోపల నీళ్ళు నిలబడి, ఆ బరువే బుంగను ఒత్తిపట్టాలి. ఒక వరస, రెండో వరస, మూడో వరస. సందుల్లో గడ్డి కుక్కారు. లారీ చూసి ఊరివాళ్ళు కూడా పారలు పట్టుకుని వచ్చారు. యాదగిరి మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టి అందరికన్నా ముందు నిలబడ్డాడు. నాలుగున్నరకు జంగయ్య గ్లాసు ముంచి చూశాడు. ఇంకా మసగ్గా ఉంది. ఐదింటికి మళ్ళీ ముంచాడు. గ్లాసు అడుగున తన వేళ్ళు కనిపించాయి.

ఎవరో అతని వీపు మీద చరిచారు. యాదవ్వ గుట్ట మీది నుంచి దిగి వస్తోంది. జంగయ్య కట్ట మీద కూలబడ్డాడు. అప్పుడే మోటారు సైకిలు మీద ఆఫీసు అటెండరు వచ్చి, జీపు దగ్గర చక్రపాణితో ఏదో చెప్పాడు. చక్రపాణి అక్కడి నుంచే లారీ డ్రైవరును కేకేశాడు. లారీలో నూరు మూటలు కూడా మిగల్లేదు.

మొగిలిగూడ కట్ట నాలుగుంబావుకు తెగిందట.

*

మర్నాడు వాన తెరిపిచ్చింది. జంగయ్య, యాదవ్వ మేడ్చల్ వైపు పోయే ట్రాక్టరు పట్టుకుని, ఆపైన మూడు మైళ్ళు బురదలో నడిచి మొగిలిగూడ చేరారు. ఊరి దిగువ సగం లేదు. గోడలు కూలిన చోట పొయ్యి రాళ్ళు, విరిగిన మంచాలు, చచ్చిన గొర్రెలు. గౌరయ్య మూడింటి నుంచే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని బడి మెట్ట మీదికి తోలాడట. రానిది సత్తమ్మ అనే ముసలామె, మంచం పట్టిన ఆమె తమ్ముడు. అతన్ని మోసుకురావడానికి గౌరయ్య మనుషులను వెతుకుతుండగానే నీళ్ళు వచ్చాయి. ఇద్దరి శవాలనూ బడి వరండాలో పడుకోబెట్టి ఉంచారు.

గౌరయ్య బడి మెట్ల మీద కూర్చున్నాడు. నిన్నటి బురద ఒంటి మీద ఎండి పెచ్చులు కట్టింది. చెల్లెను, బావను చూసి లేచి నిలబడ్డాడు.

"నాలుగుసార్లు ఫోన్ జేసిన బావా," అన్నాడు. "నాలుగోసారికి లారీ మీ ఊరికి వోయిందన్నరు. మీ కట్ట తెగిందంట గద. మీ దిక్కు ఎంతమంది వోయిన్రు?"



"ఎవ్వరు వోలేదు అన్నా," అంది యాదవ్వ. "మన కట్ట యాడ తెగింది?"

అడిగింది అన్నను కాదు, మొగుడిని. ఆమె కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. గౌరయ్య ఒకసారి చెల్లెను చూశాడు, ఒకసారి బావను చూశాడు. అర్థమవడానికి అతనికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టలేదు, చెయ్యెత్తలేదు. ఎవరూ పోకపోవడం మంచిదే అయిందని చెప్పి, శవాలను తీసుకుపోయే వాళ్ళు రాగానే వాళ్ళతో వెళ్ళాడు. కొడితే బాగుండునని జంగయ్యకు అనిపించింది. యాదవ్వ ఆ రాత్రి అన్న దగ్గరే ఉండిపోయింది.

*

శనివారం చక్రపాణి జంగయ్యను ఒక్కడినే తన గదిలోకి పిలిచి, కూర్చోమన్నాడు. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం జంగయ్యకు అదే మొదలు. ఎల్లుండి సోమవారం జిల్లా నుంచి గోపాలరావు గారు విచారణకు వస్తున్నారనీ, ఏం చెప్పాలో తెలుసుకోమనీ అన్నాడు. ఊటగూడెం నుంచి 'ప్రమాదం' అని ఫోన్ వచ్చింది, ఎమ్మార్వో ముందుచూపుతో లారీ పంపాడు, కట్ట నిలిచింది. అంతే. జంగయ్య పేరు పర్మనెంటు అటెండరు పోస్టుకు రాసి పంపుతున్నానన్నాడు. కంట్రోల్ రూముకు అబద్ధం చెప్పడం జైలుకు పోయే నేరమని కూడా ఆయన అదే గొంతుతో గుర్తు చేశాడు.

"మరి మా బావ?" అన్నాడు జంగయ్య.

"మొగిలిగూడ నుంచి పొద్దున్నుంచీ 'మామూలు' అనే ఫోన్లు వచ్చాయి. రిజిస్టర్లో అలాగే ఉంది. ఆ సంగతి నిన్నెవరూ అడగరు."

బయటికి వస్తూ జంగయ్య కంట్రోల్ రూము గుమ్మం దగ్గర ఆగాడు. రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది. అతనికి చదువు రాదు. అయినా సరళ మొదటి రోజు చూపించిన వరసలు గుర్తున్నాయి; తమ వరసలో మూడో గడి మీదా, మొగిలిగూడ వరసలో రెండో గడి మీదా తప్పులు దిద్దే తెల్లరంగు పొర ఎండి తెలుస్తూనే ఉంది, మొగిలిగూడ మొదటి గడిలో కొత్త టిక్కులు ఉన్నాయి. సరళ తలెత్తలేదు. ఆమె కుడిచేతి చూపుడు వేలికి ఇంకా తెల్లరంగు అంటుకుని ఉంది.

ఇంటికి వెళ్తే యాదవ్వ వచ్చి ఉంది. గౌరయ్యకు నోటీసు ఇచ్చారని చెప్పింది. చెరువు సంగతి తప్పుగా చెప్పి ఇద్దరి చావుకు కారణమయ్యాడని అందులో ఉందట. అన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు, పొద్దస్తమానం తెగిన కట్ట మీద కూర్చుంటున్నాడు. ఆమె కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా వాకిట్లోకి వెళ్ళిపోయింది. జంగయ్య ఆ అన్నం తినలేదు.

ఆదివారమంతా అతను కట్ట మీదే గడిపాడు. కట్ట బాగుంది. కింద నలభై గుడిసెల్లో పొగ లేస్తోంది, కాలనీ డాబాల మీద బట్టలు ఆరేస్తున్నారు. తను నిజం చెప్పి ఉంటే అవేవీ ఉండేవి కావు. ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా అది నిజమే. సత్తమ్మ చావు కూడా నిజమే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అతని వల్ల కాలేదు.

*

సోమవారం విచారణ ఎమ్మార్వో గదిలోనే జరిగింది. గోపాలరావు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. ఒక పక్క చక్రపాణి, ఒక పక్క వాంగ్మూలాలు రాయడానికి సరళ. గోడ వారగా గౌరయ్య నిలబడి ఉన్నాడు. నాలుగుసార్లూ ప్రమాదమనే చెప్పానని అతను అప్పటికే చెప్పేశాడు. రిజిస్టరు చూపించి, ఇందులో మామూలు అని ఉంది కదయ్యా అంటే, అట్లెందుకున్నదో నాకు తెల్వదని కూడా చెప్పాడు.

జంగయ్యను లోపలికి పిలిచారు. ఎన్నింటికి ఫోన్ చేశావని అడిగితే రెండింటికని చెప్పాడు.

"ప్రమాదమని చెప్పావు. లారీ వచ్చింది. అంతేనా?"

చక్రపాణి గోడ గడియారం చూస్తున్నాడు. గౌరయ్య నేలను చూస్తున్నాడు. జంగయ్య చేతులు కట్టుకుని ఉన్నవాడు వాటిని కిందికి దించాడు.

"కాదు సారూ. ప్రమాదమంటె లారీ రాలే. తెగిందని జెప్పిన. గప్పుడొచ్చింది."

గోపాలరావు కళ్ళజోడు తీశాడు. చక్రపాణి ఏదో అనబోతే చేత్తో ఆపాడు. కట్ట తెగిందా అని అడిగాడు.

"తెగలె. అబద్ధం జెప్పిన. మొగిలిగూడల గూడ బుంగ వడ్డదని, మా బావ పొద్దటి సంది ప్రమాదమనే జెప్తున్నడని గప్పుడే ఫోన్ల ఇన్న. ఇనే జెప్పిన."

 ఆ మాట అమ్మాజీ పేరు లేకుండా చెప్పగలిగినందుకు జంగయ్యకు కొంచెం ఊపిరి తేలికైంది.

"అయితే తప్పు నీదంటావా?" గోపాలరావు అడిగాడు.

"నాదే సారూ."

"నువ్వు నిజం చెప్పి ఉంటే?"

"మా కట్ట తెగేది."

"ఆయన నీలాగే అబద్ధం చెప్పి ఉంటే?"

"ఆయన కట్ట నిలిచేది. మాది వోయేది." జంగయ్య గోడ వైపు చూశాడు. "మా బావకు అబద్ధం జెప్పరాదు సారూ. గంతె ఆయన జేసిన తప్పు."

గౌరయ్య తల ఎత్తలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి పెట్టుకున్నాడు.

గోపాలరావు చాలాసేపు రిజిస్టరు అటూ ఇటూ తిప్పాడు. తెల్లరంగు మీద గోరుతో ఒకసారి గీకి చూశాడు. ఆయన కూడా ఉద్యోగస్తుడే, ఈ కాగితం పైకి వెళ్తే ఎక్కడెక్కడ తగులుతుందో ఆయనకు తెలియంది కాదు. చివరికి, కోపం కన్నా విసుగే ఎక్కువగా, ఇంతకీ నన్నేం రాసుకోమంటావని జంగయ్యను అడిగాడు.

జంగయ్య ఆదివారమంతా కట్ట మీద దానికే జవాబు వెతికాడు. ఇప్పుడు వెతకాల్సిన పని లేకుండా వచ్చింది.

"ఇద్దరం ఫోన్ జేసినం సారూ. లారీ ఒక్కటే ఉండె. గదే రాయుండ్రి."

గోపాలరావు రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చక్రపాణి సరళ వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ చూపు చూసింది. తర్వాత కాగితం మీదికి వంగి, జంగయ్య అన్న మాటను అన్నట్టే రాసి, వేలిముద్ర కోసం సిరాపెట్టె మూత తీసి అతని ముందుకు జరిపింది.